ఒక్క కెమెరా వంద మంది పోలీసులు కావాలంటే

ఊళ్లో సీసీ కెమెరాలు ప్రారంభించే సభ ఏదైనా సరే, పోలీసు అధికారి ప్రసంగంలో ఒక మాట తప్పకుండా వస్తుంది: ఒక్క సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానం. జనగామలో చెప్పినా, మహబూబాబాద్ జిల్లాలోని ఓ తండాలో చెప్పినా, భూపాలపల్లిలోని సింగరేణి కాలనీలో చెప్పినా మాట ఇదే. ఈ మాట నమ్మి ఊళ్లు చందాలు వేసుకున్నాయి, దాతలు ముందుకొచ్చారు, వ్యాపారులు దుకాణాల ముందు కెమెరాలు బిగించుకున్నారు. తెలంగాణ నమ్మినంతగా దేశంలో మరే రాష్ట్రమూ నమ్మలేదు. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ లెక్క ప్రకారం 2019 జనవరి 1 నాటికి దేశంలోని పోలీసుల దగ్గరున్న సీసీ కెమెరాలు 4,27,529. వాటిలో 2,75,528 మన రాష్ట్రంలోనే ఉన్నాయి. అంటే 64 శాతం. 2011 జనాభా లెక్కలతో భాగిస్తే 127 మందికి ఒక కెమెరా.

సంఖ్య ఘనమైనదే. కానీ దొంగతనం జరిగిన మర్నాడు పొద్దున స్టేషన్‌లో ఊళ్లో ఎన్ని కెమెరాలున్నాయని ఎవరూ అడగరు. మొహం ఆనవాలు పట్టేలా ఉందా, ఆ రోజు రికార్డు డిస్క్‌లో ఇంకా ఉందా, కరెంటు పోయిన ఆ గంటలో కెమెరా పనిచేసిందా అని అడుగుతారు. వీటికి జవాబు కెమెరా బిగించే రోజే అంకెల్లో తేలిపోయి ఉంటుంది. ఆ లెక్క వేయడానికి ఇంజినీరు అక్కర్లేదు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

ముందుగా నెట్‌వర్క్ కెమెరా అంటే ఏమిటో చూద్దాం. పాత పద్ధతిలో కెమెరా నుంచి ఒక్కొక్క కోయాక్సియల్ కేబుల్ డీవీఆర్ అనే రికార్డింగ్ పెట్టె దాకా వచ్చేది. వీడియోను కుదించి భద్రపరిచే పని అంతా ఆ పెట్టెదే. నెట్‌వర్క్ కెమెరా, అంటే దుకాణాల్లో ఐపీ కెమెరా అని అడిగేది, తనే ఒక చిన్న కంప్యూటర్. సెన్సర్ మీద పడిన బొమ్మను అక్కడికక్కడే కుదించి, ప్యాకెట్లుగా చేసి, తనకంటూ ఉన్న ఐపీ అడ్రస్ నుంచి పంపిస్తుంది. దాన్ని ఎన్‌వీఆర్ అనే రికార్డింగ్ పెట్టె భద్రం చేసుకోవచ్చు, ఫోన్ చూపించుకోవచ్చు, వంద కిలోమీటర్ల అవతలి కంట్రోల్ రూమ్ కూడా అందుకోవచ్చు. 1996లో స్వీడన్‌కు చెందిన యాక్సిస్ కంపెనీ తెచ్చిన నెట్‌ఐ 200 ఇలాంటి వాటిలో మొదటిది. పెద్ద సైజు బొమ్మ ఒక్కటి పంపడానికి దానికి 17 సెకన్లు పట్టేది. ఇప్పుడు ఇంటి గుమ్మానికి పెట్టుకునే మామూలు టూ ఎంపీ కెమెరా సెకనుకు 25 బొమ్మలు పంపుతోంది.

ఆ వేగం ఎలా వచ్చిందో చూస్తే మిగతా లెక్కలన్నీ సులువవుతాయి. టూ ఎంపీ అంటే అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు. మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకు 124 కోట్ల బిట్లు దాటుతాయి. ఇంత భారాన్ని మామూలు ఇంటి ఇంటర్నెట్ మోయలేదు. అందుకే కెమెరాలోని చిప్ ఒక కిటుకు వాడుతుంది. దాదాపు రెండు సెకన్లకోసారి పూర్తి బొమ్మ పంపి, మధ్యలో వచ్చే బొమ్మల్లో మారిన భాగాన్నే చెబుతుంది. గోడ కదలదు, గేటు కదలదు, కదిలింది కుక్క ఒక్కటే అయితే కుక్క సంగతే చెబుతుంది. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతిలో టూ ఎంపీ కెమెరాకు సుమారు 4 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 40 లక్షల బిట్లు చాలు. 2013లో ఖరారైన హెచ్.265లో సుమారు 2 ఎంబీపీఎస్ సరిపోతుంది. 124 కోట్ల బిట్లు కాస్తా 20 లక్షలకు దిగాయి. అంటే సుమారు ఆరు వందో వంతుకు తగ్గింది.

కదలికే భారం కాబట్టి ఒకే కెమెరా చోటును బట్టి తేడాగా తింటుంది. కేసముద్రం మార్కెట్ యార్డులో సీజన్ రోజుల్లో బస్తాలు దిగుతూ, ఆటోలు తిరుగుతూ, కాంటాల దగ్గర జనం మూగుతుంటే బొమ్మలో సగం ప్రతి క్షణం మారుతుంది. అదే కెమెరాను రాత్రి ఖాళీ యార్డు మీద తిప్పితే భారం బాగా తగ్గాలి. అయితే చీకట్లో సెన్సర్ పుట్టించే చుక్కచుక్కల మసకను కూడా చిప్ కదలికే అనుకుంటుంది. గాలికి ఊగే వేపకొమ్మ, వానజల్లు, ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు మూగే పురుగులు కూడా అంతే. అందుకే డిస్క్ లెక్క వేసేటప్పుడు డబ్బా మీద రాసిన అంకెకు మరో పాతిక శాతం కలుపుకోవాలి.

ఇక డిస్క్. 2 ఎంబీపీఎస్‌ను రోజులోని 86,400 సెకన్లతో గుణించి, 8తో భాగిస్తే 21,600 ఎంబీ. అంటే కెమెరాకు రోజుకు 21.6 జీబీ, నెలకు 648 జీబీ. పెంబర్తిలో ఇత్తడి సామాను దుకాణం ఒకటి ఉందనుకుందాం. ముందు రెండు, గల్లా మీద ఒకటి, వెనక గోడౌన్‌లో ఒకటి, మొత్తం నాలుగు కెమెరాలు. రోజుకు 86.4 జీబీ. ప్యాకేజీలో భాగంగా ఇచ్చే 1 టీబీ డిస్క్ పదకొండున్నర రోజులకు నిండిపోతుంది. పన్నెండో రోజు నుంచి ఎన్‌వీఆర్ పాత రికార్డును చెరిపేసి దాని మీదే కొత్తది రాసుకుంటుంది. గోడౌన్‌లో సరుకు పోయిన సంగతి నెలాఖరు స్టాక్ చూసినప్పుడు బయటపడితే నాలుగు కెమెరాలూ ఉన్నా చూడటానికి ఏమీ ఉండదు.

చట్టం చెప్పే గడువు కూడా గుర్తుంచుకోవాలి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒకేసారి వంద మంది, అంతకుమించి గుమిగూడే అవకాశమున్న దుకాణాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనా స్థలాల వంటివి సీసీ కెమెరాలు పెట్టుకోవాలి, ఫుటేజీని 30 రోజులు భద్రపరచాలి. మన ఫంక్షన్ హాళ్లలో వంద మంది అంటే ఒక్క పంక్తి భోజనాలు. నాలుగు కెమెరాలకు 30 రోజులంటే 2.6 టీబీ. కదలిక కోసం పాతిక శాతం కలిపితే 3.24 టీబీ. కాబట్టి 4 టీబీ డిస్క్ కొనాలి. కెమెరాల మీద పెట్టే ఖర్చులో కాస్త తగ్గించుకునైనా డిస్క్ మీద పెట్టడం మేలని నా గట్టి నమ్మకం. పోలీసు స్టేషన్లకైతే గడువు ఇంకా ఎక్కువ. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ కెమెరాలు ఉండాలని, రికార్డును 18 నెలలు దాచాలని, అది వీలుకాని చోట కనీసం ఏడాది అయినా ఉంచాలని చెప్పింది. మన లెక్క ప్రకారం ఒక్క కెమెరాకే 18 నెలలకు దాదాపు 11.8 టీబీ అవుతుంది. లాకప్‌లో ఉన్న మనిషికి రక్షణగా ఇచ్చిన తీర్పు డిస్క్ చిన్నదైతే కాగితం మీదే ఉండిపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన లెక్క, మొహం. బిగించడానికి వచ్చిన కుర్రాడు "అన్నా, టూ ఎంపీ పెట్టనా, ఫోర్ ఎంపీ పెట్టనా?" అని అడుగుతాడు. దాని కంటే ముందు తేల్చాల్సింది ఎంత వెడల్పు చూడాలన్నది. ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం దీనికి ఒక కొలత పెట్టింది. బొమ్మలో ఒక మీటరు వెడల్పుకు 25 చుక్కలు ఉంటే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 ఉంటే, మనకు ముందే తెలిసిన మనిషైతే పోల్చుకోగలం. ముక్కూమొహం తెలియని వాణ్ని ఫలానా అని తేల్చాలంటే 250 ఉండాలి. అంటే ఒక్కో చుక్క 4 మిల్లీమీటర్ల కంటే పెద్దది కాకూడదు. ఆ లెక్కన మనిషి మొహం మీద అడ్డంగా 40 చుక్కలే పడతాయి. అంతకంటే తగ్గితే ఎంత పెద్ద టీవీలో పెట్టి చూసినా మసకే. సినిమాల్లో చూపించినట్టు లేని చుక్కల్ని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

1,920ని 250తో భాగించండి. 7.68 మీటర్లు వస్తుంది. టూ ఎంపీ కెమెరా మొహాలు తేల్చగలిగే దృశ్యం వెడల్పు అంతే. ఫోర్ ఎంపీకి 10.24 మీటర్లు. ఎక్కువగా బిగించే 2.8 ఎంఎం లెన్సు చాలా విశాలంగా చూస్తుంది కాబట్టి కెమెరా నుంచి సుమారు 4 మీటర్ల దూరానికే ఆ 7.68 మీటర్ల వెడల్పు వచ్చేస్తుంది. ఆ పైన నడిచే వాడి చొక్కా రంగు తెలుస్తుంది గానీ మొహం తేలదు. 6 ఎంఎం లెన్సుతో ఈ హద్దు సుమారు 8 మీటర్లకు, 12 ఎంఎంతో సుమారు 17 మీటర్లకు జరుగుతుంది. కాకపోతే చూపు సన్నబడుతుంది. చౌరస్తా మొత్తం ఒకే కెమెరాలో పడాలని స్తంభం చివరన 2.8 ఎంఎం బిగిస్తే చౌరస్తా మొత్తం నిజంగానే పడుతుంది, ఒక్క మొహం కూడా పడదు. పైగా అంత ఎత్తు నుంచి కనిపించేది నెత్తి, టోపీ, హెల్మెట్. మనిషి తప్పనిసరిగా దాటే ఇరుకు చోట, అంటే గుమ్మం, గల్లా, మెట్ల దగ్గర, తల కంటే కొంచెమే ఎత్తులో పెట్టిన ఒక్క కెమెరా స్తంభం మీది నాలుగింటి పని చేస్తుంది.

బండి నంబరు ఇంకా కష్టం. బైక్ వెనక నంబర్ ప్లేటు వెడల్పు 200 మిల్లీమీటర్లు. మీటరుకు 250 చుక్కలున్నా దాని మీద పడేవి 50. వరసకు ఐదు అక్షరాలనుకుంటే, మధ్య ఖాళీలతో కలిపి, అక్షరానికి పది. భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 అని రవాణా శాఖ కోడ్లు. మసక బొమ్మలో 25కూ 26కూ తేడా తెలియకపోతే వెతుకులాట పక్క జిల్లాలోకి వెళ్లిపోతుంది. దీనికి వేగం తోడవుతుంది. జనగామ మీదుగా వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16.7 మీటర్లు కదులుతుంది. చీకట్లో వెలుగు సరిపోక కెమెరా తన షట్టర్‌ను సెకనులో 25వ వంతు తెరిచి ఉంచితే, అడ్డంగా పోయే బండి అంతలోనే 67 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అంటే మూడు ప్లేట్ల పొడవుకు మించి సాగిన గీత ఒకటి మిగులుతుంది. షట్టర్ సెకనులో వెయ్యో వంతు అయితే జరిగేది 1.7 సెంటీమీటర్లే. అంత తక్కువ సేపట్లో బొమ్మ పడాలంటే బలమైన ఇన్‌ఫ్రారెడ్ వెలుగు, ప్లేటు మీదికే గురిపెట్టిన సన్నని లెన్సు కావాలి. నంబర్ ప్లేట్లు చదివే కెమెరాలు వేరే రకంగా, ఎక్కువ ధరకు ఉండేది అందుకే. ఒకే కెమెరా రోడ్డూ చూడాలి, మొహమూ చూడాలి, నంబరూ చదవాలి అంటే కుదిరే పని కాదు.

కేబుల్ సంగతికొస్తే ఐపీ కెమెరాలకు ఒక సౌకర్యం ఉంది. క్యాట్6 తీగ ఒక్కటి లాగితే వీడియో, కరెంటు రెండూ అందులోనే వెళ్తాయి. దీన్నే పీవోఈ అంటారు. 2003 నాటి మొదటి ప్రమాణం ప్రకారం స్విచ్ నుంచి 15.4 వాట్లు బయల్దేరితే కెమెరా దగ్గరికి 12.95 వాట్లు చేరతాయి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలిగినప్పుడు కూడా మామూలు బుల్లెట్ కెమెరాకు 5, 6 వాట్లు చాలు కాబట్టి ఇది సరిపోతుంది. దూరం మాత్రం 100 మీటర్లే. అది దాటితే మధ్యలో స్విచ్ పెట్టాలి, లేదా ఫైబర్ లాగాలి. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఫైబరే మంచిది. పిడుగు పడ్డప్పుడు రాగితీగ వెంట వచ్చే సర్జ్ ఒక్కసారిగా స్విచ్‌నూ ఎన్‌వీఆర్‌నూ కాల్చేస్తుంది, గాజుతీగ వెంట అది రాదు. మన ఊళ్లలో పిడుగు కంటే ఎక్కువ నష్టం కోతులతో వస్తుంది. వేలాడే తీగ పట్టుకుని ఊగుతాయి, జాక్ దగ్గర ఊడిపోతుంది. గట్టి పీవీసీ పైపులో తీగను, మూతపడే జంక్షన్ బాక్సులో జాక్‌ను పెట్టాలి. ఎన్‌వీఆర్‌ను ఎక్కడ పెట్టాలన్నదీ ఆలోచించాల్సిందే. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలంలోని మోరంచపల్లి నీట మునిగింది, జనాన్ని హెలికాప్టర్లతో తరలించాల్సి వచ్చింది. వాగు పక్క ఊరిలో కింది అరలో పెట్టిన ఎన్‌వీఆర్, జరిగిన దానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని తనతోపాటే ముంచేస్తుంది.

కరెంటు లెక్క చిన్నదే. ఎనిమిది కెమెరాలు, ఎన్‌వీఆర్, రౌటర్ కలిపి సుమారు 70 వాట్లు. నెలకు 50 యూనిట్లు. కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. కాగితం మీద 84 వాట్‌అవర్లు, వృథా పోను చేతికొచ్చేది అంతకంటే బాగా తక్కువ. గంట కూడా నిలవదు. ఈదురుగాలి రాత్రి కరెంటు పోతే గంట లోపలే ఎనిమిదీ చీకటవుతాయి. ఇంటి ఇన్వర్టర్‌కు ఉండే 150 ఏహెచ్ బ్యాటరీకి తగిలిస్తే, వేరే లోడు లేకపోతే రాత్రంతా నడుస్తాయి.

ఫోన్‌లో కనిపించడమనేది జనాన్ని ఐపీ కెమెరాల వైపు లాగిన అసలు ఆకర్షణ. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు, కెమెరా తయారీదారు సర్వర్‌కు తనే వెళ్లి తట్టి, అక్కడి నుంచి మన ఫోన్‌కు దారి వేయించుకుంటుంది. డేటా ఆదా కోసం ఫోన్‌కు చిన్న సైజు బొమ్మ పంపుతుంది. రికార్డింగ్‌నే క్లౌడ్‌లో పెట్టాలంటే మాత్రం కథ వేరు. రోజుకు 2 జీబీ మొబైల్ ప్లాన్‌తో 2 ఎంబీపీఎస్ కెమెరాను వదిలేస్తే 2 గంటల 13 నిమిషాల్లో డేటా అయిపోతుంది. చాలా ఫైబర్ ప్లాన్లకుండే 3,300 జీబీ నెలసరి హద్దులో ఐదు కెమెరాలు అతి కష్టం మీద ఇముడుతాయి.

బావి దగ్గర మోటారు తీగ కోసుకుపోతారన్న భయంతో రైతులు సిమ్ వేసే సోలార్ కెమెరాలు కొంటున్నారు. అవి రోజంతా రికార్డు చేయవు. వేడి కదలికను పసిగట్టే సెన్సర్ తట్టి లేపితే పదిహేను సెకన్లు తీసి మళ్లీ నిద్రపోతాయి. రోజుకు 50 సార్లు లేచినా నెలకు 5.6 జీబీ దాటదు. పొలానికి ఇదే తెలివైన ఏర్పాటు. ఇంటికీ ఈ అలర్ట్ పనికొస్తుంది. రాత్రి షిఫ్టుకు వెళ్లే భూపాలపల్లి గని కార్మికుడి ఇంటినే తీసుకోండి. భూగర్భంలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కాబట్టి "గేటు దాటారు" అనే అలర్ట్ ఆయన ఒక్కడికే కాకుండా, ఇంట్లోవాళ్లకూ పక్క వీధిలోని బావమరిదికీ వెళ్లేలా యాప్‌లో షేర్ చేసి ఉంచాలి. ఎవరూ చూడని అలర్ట్‌తో దొంగ ఆగడు.

నెట్‌కు తగిలించిన కెమెరా మనకు కనిపించినట్టే పరాయివాడికీ కనిపించగలదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జంటలు అరవైకి పైగా వరసగా ప్రయత్నించి లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లను లొంగదీసుకుంది. అక్టోబర్ 21న వాటితోనే వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసులు చూపే డైన్ అనే సంస్థ మీద దాడి చేయిస్తే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటలపాటు స్తంభించాయి. మనసును ఎక్కువ కలచివేసేది మన దేశంలో జరిగిన ఘటన. రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో మహిళలను పరీక్షిస్తున్న దృశ్యాలు 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చి టెలిగ్రామ్‌లో అమ్ముడయ్యాయి. ఆ కెమెరాల పాస్‌వర్డ్ 'అడ్మిన్123' అని తర్వాత వార్తలొచ్చాయి. పరీక్ష గదిలో కెమెరా పెట్టడమే మొదటి తప్పు. పాస్‌వర్డ్ మార్చకపోవడం రెండోది. బిగించిన రోజే, కుర్రాడు వెళ్లకముందే, మీ చేత్తో పాస్‌వర్డ్ మార్చండి. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకు కేంద్ర ఐటీ శాఖ భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. కొనేటప్పుడు ఆ పరీక్షల్లో నెగ్గినట్టు ఇచ్చే ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని అడగండి.

కెమెరా ఎదుటివాడి గుమ్మంలోకీ, పక్కింటి స్నానాల గదివైపూ చూడకూడదు. ప్రతి మంచి ఎన్‌వీఆర్‌లోనూ ఆ భాగాన్ని నల్లగా కప్పేసే ప్రైవసీ మాస్క్ ఉంటుంది. ప్రభుత్వ కెమెరాల మీదా ఇదే ప్రశ్న ఉంది. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ రాష్ట్రవ్యాప్తంగా ఉన్న కెమెరాల దృశ్యాలను ఒకచోట చూసేందుకు కట్టింది. తెలంగాణ పోలీసులు మొహాలను పోల్చే సాఫ్ట్‌వేర్ వాడటాన్ని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టులో సవాలు చేశారు. ఏ చట్టం ప్రకారం, ఎవరి మొహాన్ని, ఎంతకాలం దాచుకుంటారని అడిగే హక్కు చందా ఇచ్చిన ఊరికి ఉంది.

చివరిగా సాక్ష్యం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఫుటేజీ కోర్టులో చెల్లాలంటే సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఎస్‌హెచ్‌ఏ256 పద్ధతిలో అది 64 అక్షరాల గుర్తు. ఫైల్లో ఒక్క బిట్ మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. కాబట్టి టీవీ తెరను ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే సరిపోదు. ఎన్‌వీఆర్ నుంచి అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయాలి. అలాగే ఎన్‌వీఆర్ గడియారం చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయివచ్చాక తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయిన పెట్టెలు చాలా ఉంటాయి. సెట్టింగ్స్‌లో ఎన్‌టీపీ ఆన్ చేస్తే గడియారం నెట్ నుంచి తనే సరిచేసుకుంటుంది. నెలకోసారి రాత్రి ఎనిమిది దాటాక ఇంట్లోవాళ్లలో ఒకరిని గేటు ముందు నడవమనండి. మర్నాడు ఆ క్లిప్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసి, టైమ్ సరిగ్గా ఉందా, మొహం తెలుస్తోందా చూడండి. ముప్పై రోజుల కిందటి రికార్డు తెరుచుకుంటోందా అన్నదీ అప్పుడే చూసుకోండి.